ఆకివీడు చేరిన అత్తగారి మనసు

మా అత్తగారు మనసులో అనుకున్న మొట్టమొదటి మాట కాకినాడలో ఎవరికీ వినపడలేదు. నూట ముప్పై కిలోమీటర్ల అవతల, ఆకివీడు పక్కన ఒక రొయ్యల చెరువు గట్టు మీద మాత్రం సైరన్ మోగించింది.

ఆ మాట ఇది: "కిటికీ పరదా తలకిందులుగా కట్టారు. ఎనిమిది నెలలుగా చూస్తున్నాను."

చెరువు యజమాని కలిదిండి నరసరాజుగారు చద్దన్నం ముందునుంచి లేచి, ఎంగిలిచేత్తోనే పరిగెత్తి, నీళ్లలోకి గాలి కొట్టే పన్నెండు ఏరేటర్లూ ఒక్కసారిగా తిప్పారు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు ఎక్కువసేపు బతకవు, అందుకే ఆ పరుగు. చెరువంతా తెల్లగా చిమ్మడం మొదలయ్యాక ఊపిరి పీల్చుకుని అలారం పెట్టె తెర వైపు చూశారు. రెండుసార్లు చదివారు. చెరువుకి కిటికీ ఎక్కడుందో ఆయనకి అంతుపట్టలేదు. పెట్టె మీద నేను ఎప్పుడో అంటించిన స్టిక్కరూ, దాని మీద నా ఫోన్ నంబరూ ఉన్నాయి.

"ఏవండీ ఫణీంద్రగారూ, చెరువులకి పరదాలు కూడా కట్టమంటన్నారేంటండి ఇప్పుడు?" అన్నారు మధ్యాహ్నం ఫోన్లో. "మా పక్క చెరువు సుబ్బరాజుక్కూడా ఇదే వచ్చిందంటండి. ఆడు భయపడిపోయి మేత ఆపేశాడు."

ఆ పరదా మా ఇంట్లోది. కట్టింది నేనే.

ముందు మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ పేరు సుభద్రమ్మగారు. పిఠాపురం టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరుగా చేరి, ముప్పై ఏళ్లు ఊళ్ల మాటలన్నీ ఒకరికొకరికి కలిపి, కాకినాడలో రిటైరయ్యారు. అప్పటికి తొమ్మిది నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. బుర్ర మాత్రం పదును తగ్గలేదు. మాటలు లోపల తయారవుతున్నాయి, నోటి దాకా రావడం లేదు, అంతే. ఎడమ చేత్తో రాయించబోతే 'అ' అనేది జిలేబీ చుట్టలా వచ్చేది. ఆవిడ రోజూ ఆ ఎడమ చేత్తో కిటికీ వైపు చూపించేవారు. మేము కిటికీ తెరిచేవాళ్లం. తల అడ్డంగా ఊపేవారు. మూసేవాళ్లం. మళ్లీ ఊపేవారు. ఫ్యాను వేశాం, తీశాం, మంచం జరిపాం. చివరికి నా భార్య హైమ, "అమ్మకి ఆకాశం చూడాలనుందేమో" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆకాశం కాదు. పువ్వుల డిజైను కిందికి వేలాడుతోందని ఆవిడ బాధ.

నేను పనిచేసే ల్యాబులో డాక్టర్ నళినీబాలగారు తయారుచేసిన పరికరం పేరు పలుకుపట్టీ. చెవి వెనక అంటించే బిళ్ల ఒకటి, మెడకి కట్టుకునే పట్టీ ఒకటి. మనిషి చెప్పాలని నిశ్చయించుకున్న మాటను బిళ్ల పట్టుకుంటే, పట్టీలో ఉన్న చిన్న స్పీకరు బయటికి పలుకుతుంది. చిక్కేమిటంటే మనిషి చెప్పే మాటలు తక్కువ, అనుకుని మింగేసే మాటలు ఎక్కువ. రెండింటికీ తేడా నేర్చుకోవాలంటే పరికరం ఆ మింగేసిన మాటల్ని కూడా చూడాలి. అందుకని వాటిని లాగ్‌లో, అంటే యంత్రం తనకోసం రాసుకునే దినచర్యలో, ఒక్కొక్క పంక్తిగా రాసుకుంటుంది. పంక్తి పక్కన సున్నా నుంచి ఏడు దాకా ఒక అంకె వేస్తుంది. మనసులో ఆ మాట ఎంత మంట పెడితే అంకె అంత చిన్నది. సున్నా అంటే కొంప మునిగిందని. ఏడు అంటే ఉత్త గొణుగుడు.

ఈ పంక్తుల్ని దూరంగా ఉన్న సర్వర్లకి మోసుకెళ్లే ప్రోగ్రామును ఫార్వార్డర్ అంటారు. దానికి చెప్పాల్సినవి మూడే: ఎక్కణ్నుంచి తీసుకోవాలి, ఏ అంకె వాటిని తీసుకోవాలి, ఎవరికి ఇవ్వాలి. ఆ మూడూ రాసిపెట్టడమే నా పని. పది నిమిషాల పని.

అయితే నాకో సెంటిమెంటుంది. ఈ ల్యాబుకి రాకముందు ఎనిమిదేళ్లు భీమవరం చుట్టుపక్కల చెరువులకి అలారం పెట్టెలు బిగించాను. అప్పుడు రాసుకున్న ఫైలొకటి నా చేతికి అచ్చొచ్చింది. పైన మొదటి పంక్తిలో 'శ్రీరామ' అని ఉంటుంది. ఎనిమిదేళ్లలో ఆ ఫైలు ఒక్కసారి కూడా మొరాయించలేదు. అందుకని ఏ కొత్త పని మొదలుపెట్టినా దాన్నే కాపీ చేసి, అందులోనే కొత్త పంక్తులు చేర్చుకుంటాను తప్ప పాతవి చెరపడానికి చెయ్యి రాదు. అత్తగారి పట్టీకి కూడా అలాగే చేశాను. ల్యాబు సర్వరు చిరునామా పైన చేర్చాను. కింద ఏడు చెరువుల చిరునామాలు అలాగే ఉండిపోయాయి. అవి తమకు వచ్చిన పంక్తిని వచ్చినట్టు తెర మీద వేసి, సున్నా కనిపిస్తే సైరన్ మోగిస్తాయి. వాటికి అత్తగారని తెలియదు.

పట్టీ కట్టిన ఆ పొద్దున్న మా ఇంట్లో పండగలాగే ఉంది. "హైమా, మంచినీళ్లు" అంది స్పీకరు. ల్యాబులో ఒక అమ్మాయి గొంతు రికార్డు చేసి పెట్టడం వల్ల రైల్వే స్టేషన్లో ప్రకటన చేసినట్టుంది. అయినా హైమ బావురుమంది. నళినీబాలగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. అత్తగారు నా వైపు తిరిగి, పెళ్లయిన ఈ తొమ్మిదేళ్లుగా ఉన్న మర్యాద ఒక్క పిసరు తగ్గకుండా, "అల్లుడుగారూ, మీకు చాలా శ్రమ ఇస్తున్నాను" అన్నారు. ఆ తర్వాత ఆవిడ చూపు కిటికీ మీద పడింది. ఆకివీడులో సైరన్ మోగింది.

రాజుగారి ఫోను పెట్టేసి ల్యాబుకి పరిగెత్తి లాగ్ తెరిచాను. తొమ్మిది నెలలు ఊరుకున్న మనిషి ఒక్క పూటలో మూడు వందల పంక్తులు అనుకున్నారు.

"ఇది కాఫీ అట. సున్నా."

"హైమ చిక్కిపోయింది. నా వల్లే. ఒకటి."

"అల్లుడు అన్నానికి కూచున్నాడు. మళ్లీ ఆ ఫోను పళ్లెం పక్కనే. తినేది బెండకాయో బొగ్గో ఇతనికి తెలీదు. అయిదు."

"ఇతను నవ్వితే వాళ్ల మేనత్త గుర్తొస్తుంది. ఆరు."

మా మేనత్త నవ్వు గురించి కుటుంబంలో ఒక అభిప్రాయం ఉంది, దాన్ని ఇక్కడ రాయను. ఈ మూడు వందల్లో నూట నలభై నా గురించే. అవన్నీ అక్కడ ఏడు చెరువుల గట్ల మీద వరసగా కనిపిస్తున్నాయన్నమాట. అప్పటికే ఉండి గ్రామం నుంచి ఒక రైతు ఫోన్ చేసి, "మరి మీరు కూడా ఫోను పక్కన పెట్టి తింటే బాగుంటదండి" అని సలహా ఇచ్చేశాడు.

ఫైలు తెరిచి చెరువుల పంక్తులు చెరిపేశాను. చేతికి అచ్చొచ్చిన ఫైలు మీద కత్తెర వెయ్యడం అదే మొదటిసారి. రైతులందరికీ ఫోన్లు చేసి టెస్టింగులో పొరపాటని చెప్పాను. నరసరాజుగారు మాత్రం కాస్త బెంగపడ్డారు.

"ఉంచెయ్యొచ్చు కదండి. మా ఇంటావిడ గట్టు మీద కుర్చీ ఏసుకుని చదువుతుందండి. ఆవిడ మాట నిజంగా ఉంటది."

"లేదండీ, అది పరాయివాళ్లు చదివేది కాదు."

"అదీ నిజమేలెండి."

ఇంటికెళ్లి పరదా విప్పి సరిగ్గా కట్టాను. ఎందుకు విప్పుతున్నావని హైమ అడిగితే దుమ్ము పట్టిందన్నాను. మర్నాడు లాగ్‌లో చూశాను: "దేవుడు విన్నాడు. ఒకటి." నాకు సిగ్గేసింది. అయినా నోరు విప్పలేదు. ఆవిడకీ, హైమకీ, డాక్టరుగారికీ, ఎవరికీ చెప్పలేదు. అది నా రెండో తప్పు.

మూడో తప్పు ఇంకా పెద్దది. వారం తిరిగేసరికి రోజుకి నాలుగు వేల పంక్తులు వచ్చి పడుతున్నాయి. "గొణుగుడంతా మనకెందుకు ఫణీంద్రా, ఏ స్థాయి దాకా ఉంచాలో నువ్వే చూసుకో" అన్నారు నళినీబాలగారు. నేను సున్నా నుంచి మూడు దాకా ఉంచి, నాలుగు నుంచి ఏడు దాకా ఆపేశాను. సర్వరు మీద భారం తగ్గుతుందని కాగితం మీద కారణం రాశాను. అసలు కారణం వేరు. నా గురించి అనుకునేవన్నీ నాలుగుకీ ఏడుకీ మధ్యే ఉంటున్నాయి. పొద్దున్నే ఆఫీసుకొచ్చి కాఫీ తాగుతూ అత్తగారు మన నడక గురించి ఏమనుకున్నారో చదువుకోవడం ఎవరికీ మంచిది కాదు.

నెలన్నర హాయిగా గడిచింది. సున్నాలన్నీ మామూలువే: కాఫీ, పక్కింటివాళ్ల మిక్సీ, పనమ్మాయి తలుపు తీసి వదిలేసి వెళ్లడం. వాటికే ఆవిడ కొంప మునిగినంత మంట పడేవారు. నేను నవ్వుకునేవాణ్ని.

ఒక గురువారం మధ్యాహ్నం మూడింటికి నరసరాజుగారి ఫోను.

"ఏవండీ, మీరు తిట్టినా పర్లేదండి. ఒక మాట చెప్తాను. మీ అత్తగారి మాటలు మాకింకా వస్తన్నాయండి."

ఆయనది పెద్ద చెరువని పూర్వం ఆయన కోసం ఇంకో చిన్న ఫైలు విడిగా రాసిపెట్టాను. పెద్ద ఫైల్లో చెరిపాను గానీ ఆ చిన్నది ఒకటుందనే మర్చిపోయాను. అందులో అన్ని అంకెలూ పంపమని ఉంది.

"నెలన్నరగా వస్తుంటే ఇప్పుడా చెప్పడం!" అని అరిచాను.

"చెప్తే తీసేస్తారని చెప్పలేదండి. సైరన్ మోగినప్పుడల్లా తెర చదివి మా ఇంటావిడే ఆపేదండి. మీరు కోప్పడటం తర్వాత. ముందిది వినండి. మూడ్రోజులబట్టి ఆవిడ ఒకటే అనుకుంటన్నారు. ఎడం చెయ్యి లాగుతోంది, ఏం లేదులే. గుండెల మీద బరువుగా ఉంది, ఏం లేదులే. ఇయ్యాల పొద్దుట్నుంచి పదకొండుసార్లండి. మా ఇంటావిడ లెక్కెట్టింది."

"నా దగ్గర అలాంటిదేం లేదే!"

"మీకెలా వస్తదండి? అన్నీ ఏడో నంబరువే." ఆయన గొంతు తగ్గించారు. "రొయ్య అరవదండి ఫణీంద్రగారూ. గాలాడకపోతే గట్టు వారకొచ్చి ఊరుకుంటది. మనమే చూసుకోవాలి."

నేను బండి మీద ఇంటికి ఎలా చేరానో నాకే తెలియదు. అత్తగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. నుదుటి మీద చెమట. ఎదురుగా మా పరదా పువ్వులన్నీ తలెత్తుకుని ఉన్నాయి.

"అత్తయ్యగారూ, ఎలా ఉంది?"

"బాగానే ఉన్నానండి. మీరు ఈ వేళప్పుడు వచ్చారేవిటి? కాఫీ పెట్టమంటారా హైమని?" అంది రైల్వే గొంతు తొణక్కుండా.

ఆవిడ వద్దంటున్నా రెండు చేతులతో ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాను. అల్లుడు ముట్టుకున్నందుకు ఆవిడ దారిపొడుగునా ముడుచుకుపోయారు. ఆసుపత్రిలో గుండె డాక్టరు రెండు రక్తనాళాలు దాదాపు మూసుకుపోయాయని, సాయంత్రం దాకా ఆగి ఉంటే చెప్పలేమని అన్నాడు. హైమ నా భుజం పట్టుకుని, "నీకెలా తెలిసింది?" అని అడిగింది. నేను గోడకేసి చూశాను.

నాలుగో రోజు ఆవిడని మామూలు గదికి మార్చి, పట్టీ మళ్లీ కట్టారు. నళినీబాలగారు వచ్చారు. అందరం మంచం చుట్టూ ఉన్నాం. ఇంతలో తలుపు తోసుకుని తెల్లచొక్కా, తెల్లపంచెలో ఒక పెద్దాయన, ఆయన వెనక చక్కెరకేళి అరటిపళ్ల అత్తం పట్టుకుని ఆయన ఇల్లాలు వచ్చారు. నేను లేచి అడ్డంపడేలోపే జరగాల్సింది జరిగిపోయింది.

"అమ్మగారూ, నమస్కారమండి. ఆకివీడు నుంచొచ్చాం. ఒంట్లో ఎలా ఉందండి? పరదా సరిగ్గా కట్టారాండి మరి?" అన్నారు నరసరాజుగారు, ఆప్యాయంగా.

ఆయన ఇల్లాలు దగ్గరగా వెళ్లి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "కాఫీ బాగు చేశారా వదినా? నువ్వలా బాధపడుతుంటే నాకు ముద్ద దిగేది కాదు."

అత్తగారు ఆ చేతిని చూశారు. ఆవిడ మొహం చూశారు. తర్వాత నన్ను చూశారు. టెలిఫోను మనిషి కదా, ఎక్కడ కలవకూడని లైను ఎక్కడ కలిసిందో కనుక్కోవడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు.

"మీరు చాలా దూరం వచ్చారు. సంతోషం. అందరూ కాసేపు బయట కూర్చుంటారా? అల్లుడుగారు ఉంటారు" అంది స్పీకరు.

అందరూ వెళ్లారు. నేను ఉన్నది ఉన్నట్టు మొత్తం చెప్పాను. అచ్చొచ్చిన ఫైలు, ఏడు చెరువులు, పరదా, దుమ్ము అని చెప్పిన అబద్ధం, నాలుగు నుంచి ఏడు దాకా ఎందుకు ఆపానో అది కూడా. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు.

"నేను ముప్పై ఏళ్లు ఊరి మాటలన్నీ చెవిలో పెట్టుకుని కూర్చున్నానండి," అన్నారు చివరికి. "ఎవరింట్లో ఎవరు ఏడ్చారో, ఎవరికి ఎక్కడ సంబంధం తప్పిపోయిందో అన్నీ విన్నాను. లైను కలిపి మర్చిపోయేదాన్ని. హైమ నాన్నగారు అడిగినా ఒక్క ముక్క చెప్పలేదు. అలాంటిది నా మనసులో మాట మీరు రొయ్యలకి చెప్పారు."

ఆ గదిలో పట్టీ కట్టుకోవాల్సింది నేనే అనిపించింది.

నళినీబాలగారు ఈ సంగతంతా విని నన్ను అరగంట తిట్టారు. అంతకు మించి తిట్టలేక అసలు విషయానికొచ్చారు. ఇంకమీదట ఎనిమిది స్థాయిలూ ల్యాబుకీ, ఆసుపత్రికీ, ఇంటికీ వెళ్లాల్సిందే. ఈవిడ ప్రాణం నిలబెట్టింది ఏడో స్థాయి మాట. దాన్ని ఆపితే రేపు ఏదైనా జరిగినప్పుడు, ఈ ప్రయోగానికి అనుమతిచ్చిన కమిటీకి ఏం చెప్పాలి? ఒప్పుకోకపోతే పట్టీ వెనక్కి తీసుకోమంటారు.

"ప్రాణం ముఖ్యం కదమ్మా," అన్నారు అత్తగారితో. "కావాలంటే చదివేది మేమిద్దరం ముగ్గురమే."

"ఇద్దరైనా ఇరవై మందైనా ఒకటేనండి. ఇన్నాళ్లూ ఒంట్లో ఏదీ నా చేతిలో లేదు. కుడి చెయ్యి లేదు, నోరు లేదు. లోపల అనుకునేది ఒక్కటే నాదనుకున్నాను." ఆ మాట పూర్తవగానే ఎడమ చేత్తో తడుముకుని పట్టీ విప్పేశారు. దుప్పటి మీద పెట్టి డాక్టరుగారి వైపు జరిపారు. హైమ ఎంత బతిమాలినా మళ్లీ కట్టుకోలేదు.

ఇంటికి వచ్చాక అయిదు రోజులు ఇల్లు చచ్చినట్టుంది. కాఫీ ఎలా ఉన్నా ఆవిడ తాగేస్తున్నారు. పక్కింటి మిక్సీ మోగితే మొహం తిప్పుకోవడం లేదు. నా మీద కోపం ఉంటే బాగుండేది, అదీ కనిపించలేదు. నొప్పి ఉందో లేదో ఎవరికీ తెలియదు. హైమ రోజుకి పదిసార్లు నాడి చూస్తోంది. నాకు అన్నం సహించలేదు. ఫోను దూరంగా పెట్టి తిన్నా కూడా సహించలేదు.

ఆరో రోజు నేను నళినీబాలగారి గదికి వెళ్లాను.

"మేడమ్, లాగ్‌లో పడేది ఆవిడ చెప్పని మాటే కదా. చెప్పేస్తే లాగ్‌లో పడదు. ఒంట్లో సంగతి ఆవిడే నోటితో చెబితే మనకి లాగ్ ఎందుకు?"

"చెబుతారా ఆవిడ?"

"చెబుతారు" అన్నాను. నాకేం నమ్మకం లేదు.

ఆవిడ పెన్ను టేబుల్ మీద కొడుతూ ఆలోచించారు. "ముప్పై రోజులు చూస్తాను. ఫార్వార్డర్ ఆపెయ్యి. పొద్దునా సాయంత్రం నాకు ఫోన్ చేసి తన నోటితో ఒంట్లో ఎలా ఉందో చెప్పాలి. ఈ ముప్పై రోజుల్లో ఒక్క నొప్పి దాచినట్టు తెలిసినా పట్టీ వెనక్కి తెచ్చెయ్యాలి. కమిటీకి నేను మాటిస్తున్నాను, నన్ను నవ్వులపాలు చెయ్యకండి."

లాప్‌టాప్ తీసుకెళ్లి అత్తగారి మంచం పక్కన కూర్చున్నాను. ఒక్కొక్క పంక్తీ చదివి వినిపించి ఆవిడ ముందే చెరిపాను. ల్యాబు చిరునామా, రాజుగారి చిన్న ఫైలు, అంకెల పట్టిక అన్నీ. చివరికి 'శ్రీరామ' మిగిలింది. దాని మీద వేలు పెట్టగానే ఆవిడ నా ముంజేతి మీద చిన్నగా కొట్టారు. దాన్ని ఉంచేశాను. ఫార్వార్డర్ ఆగిపోయిందని తెర మీద చూపించాక, ఆవిడే మెడ ముందుకి వంచారు. పట్టీ కట్టాను.

"షరతు విన్నారుగా అత్తయ్యగారూ. ఒంట్లో ఏమున్నా చెప్పాలి."

"చెబుతానండి" అన్నారు బుద్ధిగా.

చెప్పలేదు. మొదటి రోజు పొద్దున్న "బాగానే ఉన్నాను." సాయంత్రం "బాగానే ఉన్నాను." పది రోజులు అదే ప్రకటన, అదే గొంతు. కాఫీ గురించి, మిక్సీ గురించి మాత్రం ఇప్పుడు బయటికే అంటున్నారు. పనమ్మాయి తలుపు వెయ్యడం నేర్చుకుంది. నేను ఫోను పళ్లెం పక్కన పెట్టుకుంటే, "అల్లుడుగారూ, పళ్లెంలో ఏముందో చూడకుండా చెప్పండి" అని అడుగుతున్నారు. మూడు రోజులు వరసగా తప్పు చెప్పాను. ఒంటి సంగతి వచ్చేసరికి మాత్రం నోరు కుట్టేసుకుంటారు. ఒకసారి మంచం దిగుతూ పళ్లు బిగపట్టడం హైమ చూసి నిలదీసింది.

"అమ్మా, నొప్పా?"

"అబ్బే."

"అమ్మా, పట్టీ తీసుకుపోతారే!"

"ఏవనమంటావే? పొద్దున్న లేస్తే అమ్మో అబ్బో అంటూ కూర్చోమంటావా? నా జన్మలో అనలేదు. ఎలా అనాలో కూడా తెలీదు నాకు" అన్నారు ఆవిడ. ఆ మాట హాస్యానికి అనలేదు. నిజంగానే తెలియదు. ఎక్స్చేంజీలో కూర్చున్న ఆ ముప్పై ఏళ్లలో ఆవిడ తన లైను మాత్రం ఎవరికీ కలపలేదు మరి. నేను లోపలికెళ్లి మొహం కడుక్కున్నాను.

పంతొమ్మిదో రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి నేను వరండాలో బూట్లు వేసుకుంటున్నాను. హైమ బజారుకి వెళ్లింది. వెనకనుంచి స్పీకరు వినిపించింది.

"అల్లుడుగారూ."

"చెప్పండి అత్తయ్యగారూ."

నేను వెనక్కి తిరిగాను. ఆవిడ గడప దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డారు. ఏదో దొంగతనం ఒప్పుకోబోతున్నట్టు తల దించుకున్నారు.

"నాకు... కాస్త నొప్పిగా ఉందండి."

రైల్వే గొంతు ఎప్పుడూ వణకదని నళినీబాలగారు చెప్పేవారు. అది అబద్ధం.

"ఎక్కడ?"

"ఇక్కడ" అని గుండెల మధ్య చెయ్యి పెట్టారు. "ఏం లే..." అని ఆగారు. ఆ మాటని మింగేశారు. "ఉంది. చాలా ఉంది."

ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, గుండె డాక్టరుని ఫోన్ చేసి పిలిపించారు. నళినీబాలగారు పరిగెత్తుకొచ్చారు. గంటన్నర తర్వాత డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "గుండె బ్రహ్మాండంగా ఉంది. ఇది గ్యాసండీ. పొద్దున్న ఏం తిన్నారు?" అన్నాడు.

"రెండు మినపట్లు" అంది స్పీకరు, చిన్నగా.

నేను ఆ డాక్టరుని కావలించుకున్నాను. ఆయన బెదిరిపోయాడు. నళినీబాలగారు పక్కకి తిరిగి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "కమిటీకి ఇవాళే రాసేస్తాను. లాగ్ అక్కర్లేదు" అన్నారు.

తిరుగు ఆటోలో అత్తగారు గ్యాసు మందు సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"అనవసరంగా అందరినీ కంగారు పెట్టాను" అన్నారు.

"రేపు కూడా పెట్టండి అత్తయ్యగారూ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. నా కాలి మేజోడు చూశారు. భానుగుడి జంక్షన్ దగ్గర ఆటో ఆగినప్పుడు, కుడి భుజం కూడా లాగుతోందన్నారు. ఎప్పట్నుంచి అని అడిగాను. వచ్చే శ్రావణానికి ఏడాది అవుతుందన్నారు. ఆ తర్వాత మోకాలు సంగతి చెప్పారు. అది ఎక్స్చేంజీ మెట్ల మీద పడ్డప్పటిదట, అప్పుడు ఎవరికీ చెప్పలేదట. తర్వాత నడుము. తర్వాత హెడ్‌ఫోను నొక్కేసిన ఎడం చెవి. ఆటోవాడు అద్దంలోంచి చూస్తున్నా ఆవిడ ఆపలేదు, నేనూ ఆపమనలేదు. మా వీధి వచ్చింది, ఆటో ఆగింది, ఇద్దరం దిగకుండా కూర్చున్నాం. ఆవిడ నొప్పుల లెక్క ఇంకా హైమ పుట్టిన సంవత్సరం దగ్గరే ఉంది.